సాగు కాలమ్‌లోని పేర్లు
(విప్లవకారుడు, చరిత్రకారుడు పుచ్చలపల్లి సుందరయ్య)

రైతు ఇంట్లో ఇనపపెట్టె అడుగున పాత పహాణీ నకలు ఒకటి తప్పక ఉంటుంది. మా దుండిగల్ వైపు ఇళ్లల్లో కూడా ఉన్నది. అందులో పట్టాదారు పేరుకు ఒక కాలమ్, సాగు చేసేవాడి పేరుకు ఇంకో కాలమ్. రెండింట్లో ఒకే పేరుంటే గొడవే లేదు. వేరువేరు పేర్లుంటేనే కథ మొదలవుతుంది. కాగితం మీద ఉన్నవాడొకడు, నాగలి పట్టినవాడొకడు. "మోకా మీద ఎవరున్నరు?" అని మా తాత అడిగే ప్రశ్న ఆ రెండు కాలమ్‌ల మధ్య పుట్టిందే.

చరిత్ర పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు ఆ పహాణీయే గుర్తుకొస్తుంది. పట్టాదారు కాలమ్ నిండా నిజాములు, దివానులు, జాగీర్దారులు. సాగు కాలమ్ చూస్తే ఖాళీ. తెలంగాణ విషయంలో ఆ ఖాళీని నింపడానికి పూనుకున్నవారిలో ముఖ్యులు పుచ్చలపల్లి సుందరయ్య గారు. ఆయన ఆ పోరాటాన్ని నడిపిన నాయకుల్లో ఒకరు, దాని చరిత్ర రాసినవారూ ఆయనే. చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రయోగం చేసినవాడే ఫలితాలు రాసుకుంటే ఎంతవరకు నమ్మాలి? సైన్సు విద్యార్థికి చరిత్రతో ఏం పని అని అడిగే మిత్రులకు నా జవాబు ఈ ప్రశ్నే.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. 1917 రష్యా విప్లవాన్ని ముందుండి నడిపిన ట్రాట్‌స్కీ, దేశం నుంచి వెళ్లగొట్టబడ్డాక టర్కీ దగ్గరి ఒక దీవిలో కూర్చుని ఆ విప్లవ చరిత్ర రాశాడు. ఇంకొకరు పొక్రోవ్‌స్కీ. విప్లవకారుడు, చరిత్రకారుడు కూడా. సోవియట్ విద్యాశాఖలో పెద్ద పదవిలో ఉండి చరిత్ర ఎట్లా రాయాలో తానే నిర్ణయించాడు. 1932లో ఆయన చనిపోయాక నాలుగేండ్లు తిరగకుండానే ఆయన రాతలన్నీ తప్పులని అదే ప్రభుత్వం తేల్చింది. విప్లవకారుడి చేతిలో చరిత్ర ఎంత బలమైన పనిముట్టో, ఎంత ప్రమాదమో ఈ ఇద్దరి బతుకులే చెబుతాయి.

సుందరయ్య గారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూమి గల రెడ్ల కుటుంబంలో పుట్టారు. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని సూచించే తోకను ఆయనే కత్తిరించుకున్నారు. 1930లో మద్రాసు లయోలా కాలేజీలో చదువుకుంటూ, పదిహేడేండ్ల వయసులో చదువు వదిలి సత్యాగ్రహంలో దూకి జైలుకు పోయారు. అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు. సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. కూలీల పక్షాన నిలబడితే ఎదురుగా కనపడేది తన బంధువులే. అయినా వెనుకాడలేదు. 1943లో లీల గారిని పెండ్లాడారు. ఉద్యమానికి అడ్డు కాగూడదని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. 1952లో రాజ్యసభకు వెళ్లినప్పుడు పార్లమెంటుకు సైకిలు మీద పోయిన సంగతి అందరూ చెప్పుకునేదే. గన్నవరం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1964లో పార్టీ చీలినప్పుడు సి.పి.ఐ.(ఎం) తొలి ప్రధాన కార్యదర్శి అయ్యి, 1976లో ఆ పదవి వదిలేశారు. 1985 మే 19న కన్నుమూశారు.

ఇక ఆయన రాసిన పోరాటం సంగతి. వెట్టికి, బలవంతపు లెవీకి, బేదఖళ్లకు ఎదురుతిరిగిన జనం మీద 1946 జులై 4న కడవెండిలో దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తి దగ్గర చాకలి ఐలమ్మ తన పంటను దొరకు వదలనన్నది. అట్లా అంటుకున్న మంట నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాలకు పాకింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసింది గాని పోరాటం ఆగలేదు. 1951 అక్టోబరులో విరమించారు. 1948 నుంచి 1952 దాకా సుందరయ్య గారు అజ్ఞాతంలోనే ఉన్నారు.

ఇరవై ఏండ్లు గడిచాక, 1972లో ఆయన ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం తెచ్చారు. తెలుగులో అది 'వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు'. ఆయన లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో ప్రజల పాలన నడిచింది. 10 లక్షల ఎకరాలు పంచబడింది. 4,000 మంది దాకా ప్రాణాలిచ్చారు. ఈ అంకెలు ఉద్యమం వైపు నుంచి వచ్చినవన్నది మరువరాదు. కాని ఆ పుస్తకం అంకెల దగ్గర ఆగలేదు. ఏ ఊరు, ఏ మనిషి, ఎక్కడ దొరికాడు, ఎట్లా చచ్చాడు అని పుటల కొద్దీ రాశారు. ఏ సర్కారు దస్తావేజులోనూ "దుండగుడు" అన్న మాట తప్ప పేరు దక్కనివాళ్లకు ఇక్కడ పేరు దక్కింది. సాగు కాలమ్ నిండడమంటే ఇదే.

అయితే ఆ కాలమ్‌ను నింపిన కలం ఒక పార్టీ ప్రధాన కార్యదర్శిది. సైన్యం వచ్చాక పోరాటం ఆపాలా, సాగించాలా అన్న దగ్గర సుందరయ్య గారి వాదన ఒక్కటే: దొరలు తిరిగొస్తున్నారు, పంచిన భూమి కాపాడుకోవాలంటే ఆయుధం దించరాదు. అదే పోరాటంలో ముందున్న రావి నారాయణరెడ్డి గారు 1973లో వెలువడ్డ తమ జ్ఞాపకాల పుస్తకంలో దానికి భిన్నంగా చెప్పారు. నిజాం పోయినందుకు జనం సంతోషించారనీ, అప్పుడే ఆపవలసిందనీ ఆయన అభిప్రాయం. దేవులపల్లి వెంకటేశ్వరరావు గారు రాసిన చరిత్రది ఇంకో దారి. ముగ్గురూ ఒకే పోరాటంలోని వారు, చివరికి మూడు పార్టీల వారు. ఒకే చేనుకు మూడు సరిహద్దులు చూపించినట్టున్నది. కనుక ఒక్క పుస్తకం చదివి తీర్పు చెప్పేవాడు మోసపోతాడు.

మరొక లోటున్నది. స్త్రీల త్యాగాలను సుందరయ్య గారు రాయకపోలేదు. కాని రాసింది నాయకుడి చూపుతో. 1986లో స్త్రీశక్తి సంఘటన వారు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, మల్లు స్వరాజ్యం వంటి వారు తమ నోటితో తమ సంగతి చెప్పారు. పోరాటం ఆగాక తమను వంటింటికి పొమ్మన్న బాధను కూడా ఆ స్త్రీలు దాచలేదు. సాగు కాలమ్‌లో సైతం ఇంటి ఆడమనిషి పేరు ఎక్కలేదన్న మాట! నాట్లు వేసింది, కలుపు తీసింది ఎవరో ఊరందరికీ తెలుసు.

మరి సుందరయ్య గారిని ఎందుకు నమ్మాలి? నా మటుకు నాకు ఆయన తర్వాత చేసిన ఒక పని జవాబుగా కనిపిస్తుంది. 1974లో, అరవై దాటిన వయసులో, గుంటూరు జిల్లా అనంతవరం, కాజ గ్రామాల్లో భూమి ఎవరి చేతిలో ఎంతున్నది, కూలి ఎవరు చేస్తున్నారు అని సర్వే చేయించి, 1977లో 'సోషల్ సైంటిస్ట్' పత్రికలో ఆ ఫలితాలు అచ్చువేశారు. రైతాంగం గురించి జీవితమంతా మాట్లాడిన మనిషి, తన మాటలకు నేల మీద ఆధారం ఉన్నదా లేదా అని ఊళ్లోకి పోయి లెక్క చూసుకున్నారు. అనంతవరంలో తర్వాతి పరిశోధకులు మళ్లీ సర్వే చేసి ఆ అంకెలతో పోల్చగలిగారు. ఇంకొకడు వచ్చి సరిచూసేందుకు వీలుగా లెక్క వదిలిపోవడమే కదా శాస్త్రీయ దృష్టి!

మా దుండిగల్ ప్రాంతం ఆ పోరాటానికి కేంద్రం కాదు. హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా భూములు చాలామటుకు నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫెఖాస్ కింద ఉండేవి. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాస్ ప్రభుత్వంలో కలిసింది. అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం "రక్షిత కౌలుదారు" అనే మాటను కాగితం మీదికి తెచ్చింది. నల్లగొండలో మంట లేకుంటే ఈ చట్టాలు ఇంత తొందరగా వచ్చేవి కావని నేను నమ్ముతాను. ఎక్కడో చచ్చినవాడి వల్ల ఇక్కడి కాగితంలో పేరు మారింది.

మిత్రులారా! మన ఊళ్లలో ఆ కాలం చూసిన ముసలివాళ్లు వేళ్ల మీద లెక్కబెట్టేంత మందే మిగిలారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్ల పక్కన మంచం మీద కూర్చుని ఒక నోటుబుక్కు తెరవండి. తేదీ వేయండి, ఊరి పేరు రాయండి, చెప్పింది చెప్పినట్టు రాయండి. వాళ్లు చెప్పిందాన్ని ఇంకొకరి దగ్గర సరిచూడండి. సుందరయ్య గారు సగం నింపిన కాలమ్ ఇంకా సగం ఖాళీగానే ఉన్నది.