నీలి రక్తం అవసరమా?

ఇంజెక్షన్ మందులో బతికున్న బ్యాక్టీరియా లేకపోతే చాలదు, చచ్చిన బ్యాక్టీరియా వదిలిపోయిన శకలాలూ ఉండకూడదు. గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ రక్తంలో కలిస్తే చలిజ్వరం వస్తుంది. మోతాదు మించితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరికి బ్యాక్టీరియా చస్తుంది గానీ ఎండోటాక్సిన్ చెక్కుచెదరదు. గాజు సీసాలకు అంటుకున్నదాన్ని వదిలించాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి. అందుకే సెలైన్, ఇన్సులిన్, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారయ్యే రీకాంబినెంట్ టీకాలు, అన్నిటికీ ఎండోటాక్సిన్ పరీక్ష తప్పదు. పరీక్షకు వాడే రియేజెంట్ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఒక సముద్రజీవి రక్తం నుంచే వస్తోంది. అదే పని చేసే రీకాంబినెంట్ ప్రొటీన్ మార్కెట్లోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఆలస్యాన్ని జంతుప్రేమ కోణం నుంచే ఎక్కువగా చర్చిస్తుంటారు. అంతకన్నా గట్టి వాదన మరొకటి ఉందని నా అభిప్రాయం: తనలో ఏముందో పూర్తిగా తెలిసిన రియేజెంటే మంచి కొలమానం.

ఆ జీవి హార్స్‌షూ క్రాబ్. పీతల కన్నా సాలీళ్లకు, తేళ్లకు దగ్గరి చుట్టం. దాని రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా సోకితే ఆ రక్తం గడ్డకడుతుందని అమెరికాలోని వుడ్స్ హోల్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ బ్యాంగ్ 1956లో ప్రకటించాడు. తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి ఆ గుణాన్ని పరీక్షగా మలిచాడు. అంతకుముందు మందును కుందేళ్లకు ఎక్కించి, వాటికి జ్వరం వస్తుందేమోనని గంటల తరబడి చూసేవారు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కుందేలు స్థానంలో ఈ రక్తకణాల సారాన్ని, అంటే లైసేట్‌ను, అనుమతించింది. పాత జెల్ క్లాట్ పద్ధతి చూడ్డానికి చాలా సులువు. సన్నని గాజు గొట్టంలో 0.1 మి.లీ. మందు, 0.1 మి.లీ. లైసేట్ కలిపి, 37 డిగ్రీల దగ్గర కదపకుండా గంటసేపు ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని నెమ్మదిగా తలకిందులు చేస్తారు. లోపలిది గడ్డకట్టి అడుగునే అతుక్కుని ఉంటే ఎండోటాక్సిన్ ఉన్నట్టు, జారిపోతే లేనట్టు.

చిక్కు ఆ సారంలోనే ఉంది. లైసేట్ అంటే ఒక ప్రొటీన్ కాదు, గొలుసుకట్టుగా పనిచేసే అనేక ప్రొటీన్ల మిశ్రమం. ఎండోటాక్సిన్ తగలగానే ముందుగా మేల్కొనేది ఫ్యాక్టర్ సి. అది మరొకదాన్ని, అది ఇంకొకదాన్ని లేపి చివరికి గడ్డ కడుతుంది. అదే మిశ్రమంలో ఫ్యాక్టర్ జి కూడా ఉంది. శిలీంధ్రాల నుంచో, సెల్యులోజ్ ఫిల్టర్ల నుంచో వచ్చే గ్లూకాన్‌కు అది స్పందిస్తుంది. అంటే ఎండోటాక్సిన్ లేకపోయినా ఉన్నట్టు ఫలితం రావచ్చు. దానికి విరుగుడు బఫర్లున్నాయి, నిజమే. కానీ ఒక రియేజెంట్ లోపాన్ని కప్పడానికి మరో రియేజెంట్ కావాల్సి రావడం ఆ కొలత గురించి ఏదో చెబుతోంది కదా! పైగా సహజ సారం కాబట్టి లాటుకూ లాటుకూ తేడా ఉంటుంది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో డింగ్ జియాక్ లింగ్, హో బో మడ అడవుల్లో బతికే ఒక హార్స్‌షూ క్రాబ్ నుంచి ఫ్యాక్టర్ సి జన్యువును వేరు చేశారు. ఆ జాతి మన ఒడిశా, బెంగాల్ తీరాల్లోనూ ఉంది. జన్యువును ఒక్కసారి కణాల్లోకి చేర్చాక మళ్లీ జంతువు జోలికి పోనక్కర్లేదు. ఆ కణాల్లో తయారైన రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సి ఎండోటాక్సిన్ తగలగానే ఒక రసాయనాన్ని తెంచుతుంది, అది వెలుగుతుంది, ఆ వెలుగును యంత్రం కొలుస్తుంది. ఫ్యాక్టర్ జి లేదు కాబట్టి గ్లూకాన్ గొడవే లేదు.

రక్తం తీశాక జంతువును తిరిగి సముద్రంలో వదిలేస్తున్నాం కదా అన్నది మార్పు అక్కర్లేదనేవారి ఒక సమాధానం. వదిలేస్తున్నారు, కానీ అన్నీ బతకడం లేదు. అమెరికా తూర్పు తీర మత్స్య నిర్వాహకులే తమ లెక్కల్లో 15 శాతం మరణాలను వేసుకుంటారు. డెలావేర్ తీరంలో వాటి గుడ్లు తిని ఆర్కిటిక్‌కు ఎగిరే రెడ్ నాట్ పక్షిని 2014లో ముప్పున్న జాతిగా ప్రకటించారు. హార్స్‌షూ క్రాబ్‌లు తగ్గిన నేరమంతా మందుల పరిశ్రమదే అనడం న్యాయం కాదు. చేపల వేటకు ఎరగా వాడడమూ పెద్ద కారణమే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం భద్రత. దశాబ్దాలుగా కాపాడుతున్న పరీక్షను మార్చితే, కొత్తది ఏదో ఒక రకం ఎండోటాక్సిన్‌ను పట్టుకోలేకపోతే? ఈ భయాన్ని కొట్టిపారేయలేం. శుద్ధి చేసిన ప్రామాణిక ఎండోటాక్సిన్ వేరు, నీటి పైపుల్లో పెరిగే బ్యాక్టీరియా నుంచి వచ్చేది వేరు. అయితే దీనికి జవాబు రెండు పరీక్షలనూ పక్కపక్కన చేసి చూడడమే, అలా చూశారు కూడా. 2018లో ఎలై లిల్లీ తన మైగ్రేన్ ఇంజెక్షన్‌కు రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సి పరీక్షతోనే అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. యూరోపియన్ ఫార్మకోపియాలో 2021 నుంచి, అమెరికా ఫార్మకోపియాలో 2025 మే నుంచి దీనికి చోటు దక్కింది. నిజానికి ఇదే భద్రతా వాదన 1977లో కుందేలు పక్షాన కూడా నిలబడేదే. హెపటైటిస్ బి టీకా విషయంలోనూ అంతే. తొలి టీకాను వ్యాధి సోకినవారి రక్తం నుంచి తీసేవారు. ఈస్ట్‌లో తయారైన రీకాంబినెంట్ టీకా 1986లో వచ్చాక రక్తం అవసరం తప్పింది. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో అలాంటి టీకానే తక్కువ ధరకు తెచ్చింది. అంటే ఈ మార్పు మన ఊరికి కొత్తేం కాదు.

ఖర్చు మాట మిగిలింది. పాత మందుకు పరీక్ష మార్చాలంటే మళ్లీ రుజువులు పోగుచేయాలి, నియంత్రణ సంస్థకు దరఖాస్తు పెట్టాలి. ఏ కంపెనీ అయినా వెనకాడుతుంది. కానీ ఫ్యాక్టరీల్లో రోజూ జరిగే ఎండోటాక్సిన్ పరీక్షల్లో చాలా భాగం మందుల మీద కాదు, మందు తయారీకి వాడే నీటి మీద. నీటిలో పరీక్షకు అడ్డొచ్చే పదార్థాలు దాదాపు ఉండవు, రెండు పద్ధతులనూ కొన్నాళ్లు పోల్చి చూడడమూ సులువే. పైపుల బ్యాక్టీరియా గురించిన సందేహం అక్కడే తీరుతుంది. కొత్త మందులకు మొదటినుంచే రీకాంబినెంట్, పాత ఫ్యాక్టరీల్లో ముందుగా నీళ్ల కుళాయిల దగ్గర రీకాంబినెంట్: ఈ క్రమంలో వెళ్తే పాత మందుల ఫైళ్లను ఇప్పుడే కదిలించాల్సిన పని కూడా లేదు.