గోన గన్నారెడ్డి: సినిమాలో చూసినది, శాసనంలో ఉన్నది

గోన గన్నారెడ్డి అనగానే మనలో చాలామందికి 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలోని అల్లు అర్జున్ గుర్తుకు వస్తాడు. మన కంటే పెద్దవాళ్లకు అడివి బాపిరాజు గారి నవల గుర్తుకు వస్తుంది. రెండింటిలోనూ ఆయన తిరుగుబాటుదారుడి వేషంలో తిరిగే వీరుడు. అవి కల్పన కలిసిన కథలు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే తమ్ముళ్ల కోసం, శాసనాల్లో ఉన్న గన్నారెడ్డి గురించి ఇక్కడ రాస్తున్నాం.

వంశం

గోన వారు కాకతీయుల సామంతులు. వారి రాజధాని వర్ధమానపురం. అదే నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమాన్. అంటే మన పాలమూరు వైపు వారే. ఈ వంశంలో పుట్టిన గోన బుద్ధారెడ్డి తన తండ్రి విఠలుని పేర ‘రంగనాథ రామాయణం’ ద్విపదలో రాశాడు. అందులో ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచవిభుడు, విఠలరాజు పూర్తి చేశారు. తాత పేరు మనవడికి పెట్టడం మన ఇండ్లలో ఉన్నట్టే వారింట్లోనూ ఉంది. ఒకే పేరు మళ్లీ మళ్లీ రావడం వల్ల, రామాయణం రాసిన బుద్ధారెడ్డి, గన్నారెడ్డి తండ్రి బుద్ధారెడ్డి ఒక్కరేనా అనే చర్చ పండితుల్లో ఇప్పటికీ ఉంది.

గన్నారెడ్డి తోబుట్టువు కుప్పాంబిక. ఆమె భర్త మల్యాల గుండ దండాధీశుడు, ఆయన కూడా కాకతీయుల సేనానే. మహబూబ్‌నగర్ దగ్గర భూత్పూర్‌లో (నాటి బూదపురం) 1276 నాటి శాసనం కుప్పాంబికది. తెలుగులో తొలి కవయిత్రి ఆమే అని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

రాయచూరు కోట

1289లో రుద్రమదేవి మరణించాక ఆమె మనవడు ప్రతాపరుద్రుడు రాజయ్యాడు. అప్పటికి కృష్ణా, తుంగభద్రల మధ్య ప్రాంతం కోసం దేవగిరి యాదవులతో పోరు నడుస్తోంది. గన్నారెడ్డి పక్షాన ఆయన మంత్రి విఠలనాథుడు సేన నడిపి ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలను గెలిచి రాయచూరు చేరాడు. అక్కడ గట్టి కోట కట్టించి, 1294లో శాసనం వేయించాడు. నవలలో ఏమున్నా, ఈ శాసనంలో గన్నారెడ్డి రాజు కింద పనిచేసే సామంతుడే.

ఆ శాసనం చెక్కిన రాయి పొడవు 41 అడుగులకు పైనే. తాండూరులో రైలెక్కి వాడి జంక్షన్‌లో మారితే రాయచూరు చేరుకోవచ్చు. కోట పడమటి గోడలో ఆ రాయి ఇప్పటికీ ఉంది.

పేరు లేనివాళ్లు

ఆ శాసనం పక్కనే గోడ మీద ఒక బొమ్మ చెక్కి ఉంది. చక్రాల బండి మీద అంత పొడవు రాయి ఉంటుంది. దాన్ని దున్నపోతుల బారు లాగుతుంటుంది. మధ్యమధ్య మనుషులు నిలబడి వాటిని తోలుతుంటారు. వెనక కొందరు చక్రాలకు సన్నెకోల వేసి ముందుకు నెట్టుతుంటారు.

పెద్దేముల్, తాండూరు చుట్టుపక్కల పిల్లలకు ఈ బొమ్మను ఎవరూ వివరించనక్కరలేదు. మన అమ్మానాన్నల్లో ఎంతోమంది నాపరాతి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవారే. ఒక్క బండను లారీకి ఎక్కించడానికి ఎందరి నడుములు పడిపోతాయో మనకు తెలుసు. శాసనంలో రాజు పేరు, సామంతుని పేరు, మంత్రి పేరు ఉన్నాయి. బండి తోలినవాళ్ల పేర్లు లేవు. వారి పని మాత్రం బొమ్మగా మిగిలింది. కోటలు కట్టించినవారి గురించి చదివేటప్పుడు కట్టినవారిని కూడా తలచుకోవాలని ఆ గోడే మనకు చెబుతున్నది.

మనం చేయగలిగింది

గోన వారి వంశం ఏడు వందల ఏండ్ల తర్వాత కూడా మనకు తెలియడానికి కారణం ఎవరో దాన్ని రాసిపెట్టడమే. మా ఇండ్లలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం మేము. కుల ధ్రువీకరణ పత్రం కోసం తాత పేరు దాకా చెప్పగలం. ఆయన తండ్రి పేరు అడిగితే ఆగిపోతాం. వారికి వంశం లేక కాదు, రాసేవారు లేక.

ఇప్పుడు రాయడం మనకు వచ్చు. కనుక తమ్ముళ్లారా, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్ వెంట తీసుకుపోండి. అవ్వను, తాతను కూర్చోబెట్టి వారి అమ్మానాన్నల పేర్లు, ఊర్లు, చేసిన పనులు అడిగి రాయండి. ఆడవాళ్ల పేర్లు మరువకండి. ఊరి గుడి దగ్గరో, చెరువు కట్ట మీదో అక్షరాలున్న రాయి కనిపిస్తే దానికి సున్నం, రంగు వేయనీయకండి, పురావస్తు శాఖకు తెలియజేయండి. గన్నారెడ్డి చరిత్ర అలాంటి రాళ్ల మీదనే దొరికింది.