జంట సర్వర్ల కాపలా: పేర్లు, గడువులు సరిచూసుకోవడం ఎలా?

సరిహద్దు గ్రామాల నుంచి బెంగళూరు, చెన్నై నగరాలకు వెళ్లి సర్వర్ల నిర్వహణలో స్థిరపడిన మన పిల్లలు ఎందరో ఉన్నారు. అర్ధరాత్రి ఫోను మోగగానే వారు ఎందుకు ఉలిక్కిపడి లేస్తారో ఇంటి పెద్దలకూ తెలియడం మంచిది.

బ్యాంకులు, ఆసుపత్రుల వంటి చోట్ల ఒకే సేవకు రెండు యంత్రాలను నియమిస్తారు. ఒకటి ఆగితే రెండవది ఆ భారాన్ని స్వీకరిస్తుంది. ఈ ఏర్పాటే క్లస్టర్. లినక్స్ యంత్రాలపై దీనిని నడిపించే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ పేస్‌మేకర్.

అయితే కాపలా కాయమని చెప్పనిదే పేస్‌మేకర్ కాయదు. 'మానిటర్' అనే పనిని నిర్వచించకపోతే, ఆరంభంలో ఒకసారి చూసి ఊరుకుంటుంది. తరువాత సేవ ఆగిపోయినా దానికి తెలియదు.

మానిటర్‌కు ముఖ్యమైన అంశాలు మూడు. ఎన్ని సెకన్లకొకసారి చూడాలో చెప్పేది 'ఇంటర్వల్'. జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పేది 'టైమ్‌అవుట్'. విఫలమైతే ఏమి చేయాలో చెప్పేది 'ఆన్-ఫెయిల్'. ఏమీ చెప్పకపోతే సేవను ఆపి మళ్లీ ప్రారంభిస్తుంది. ఇంటర్వల్ 10, టైమ్‌అవుట్ 20 సెకన్లయితే, స్తంభించిన సేవను గుర్తించడానికి దాదాపు 30 సెకన్లు పట్టవచ్చు. గడువును మరీ తగ్గిస్తే, పని ఒత్తిడిలో ఆలస్యంగా పలికిన ఆరోగ్యవంతమైన సేవను కూడా చచ్చినదిగా భావించి ఆపివేస్తుంది.

'మైగ్రేషన్-థ్రెషోల్డ్' 3 అని పెడితే, మూడు వైఫల్యాల తరువాత సేవ రెండవ యంత్రానికి తరలుతుంది. పాత వైఫల్యాలను ఎప్పుడు మరచిపోవాలో 'ఫెయిల్యూర్-టైమ్‌అవుట్' చెబుతుంది. అది లేకపోతే, ఎవరూ చెరిపివేయనంతవరకు నెలల నాటి తప్పు కూడా లెక్కలోనే ఉండిపోతుంది.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒక్కొక్క సేవకు వేరు వేరు పేరుండాలి. ఆ పేరు అంకెతో మొదలు కాకూడదు. 'డేటాబేస్-ఖాతాలు' వంటి అర్థవంతమైన పేరుంటే, నిద్రకళ్లతో చూసేవారికి ఏది పడిపోయిందో వెంటనే తెలుస్తుంది.

కొలతలలో మరొక చిక్కు ఉంది. పేస్‌మేకర్‌లో ఉత్త 10 అంటే 10 సెకన్లు. యంత్రాల మధ్య కబురు నడిపే కోరోసింక్‌లో 'టోకెన్' గడువు మాత్రం మిల్లీసెకన్లలో ఉంటుంది. అక్కడ 3000 అంటే 3 సెకన్లే.

కంచె వేసిన రైతు ఒకసారి తానే తోసి చూస్తాడు. అదే విధంగా, వినియోగంలోకి రాకముందే సేవను కావాలని పడగొట్టి చూడాలి. అప్పుడే అర్ధరాత్రి ఫోనులు తగ్గుతాయి.