21 రోజుల సూది - అందరి అమానత్

జమాఅత్ నిలబడే ముందు సఫ్‌లు సరిచేసుకోమని ఇమామ్ సాబ్ చెప్పగానే భుజానికి భుజం కలిపి నిలబడతాం. మధ్యలో ఖాళీ కనిపిస్తే పక్కవారు జరిగి దాన్ని నింపుతారు. ఈ అలవాటు మసీదు గడప దాటి రోగుల సేవలోకి కూడా రావాలి. ముఖ్యంగా రుమాటిక్ గుండెజబ్బు విషయంలో ఇలాంటి ఖాళీయే ప్రాణం తీస్తుంది.

ఈ జబ్బు మామూలు గొంతునొప్పితో మొదలవుతుంది. 5 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మక్రిమి వల్ల గొంతు వాచి, కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. వారిలో కొందరికి రెండు మూడు వారాల తరువాత జ్వరం వస్తుంది. ఒకరోజు మోకాలు, మరోరోజు మోచెయ్యి వాచి నొప్పిపెడతాయి. ఎదిగే వయసులో ఇవి మామూలేనని పెద్దలు సరిపెట్టుకుంటారు. కీళ్లనొప్పులు పోతాయి గాని, గుండె కవాటాలకు తగిలిన దెబ్బ మిగిలిపోవచ్చు. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ పెద్దదవుతుంది. చివరకు నిండు యౌవనంలో నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చే స్థితి ఏర్పడుతుంది.

ఇరుకు గదుల్లో ఎక్కువమంది కలిసి ఉండే చోట ఈ క్రిమి సులభంగా వ్యాపిస్తుంది. కనుక పేదల బస్తీలు, మన మదరసాల వసతిగదులు దీని విషయంలో ప్రత్యేక జాగ్రత్త వహించాలి.

జ్వరం తిరగబెట్టకుండా ఆపే మందు కొత్తదేమీ కాదు, ఖరీదైనదీ కాదు. అది బెంజాథిన్ పెన్సిలిన్ సూది. మూడు లేదా నాలుగు వారాలకొకసారి వేయాలి. మన దేశంలో సాధారణంగా 21 రోజులకొకసారి వేస్తారు. గుండెకు దెబ్బ తగలనివారికి కూడా కనీసం 5 ఏళ్లు అవసరం. కవాటం దెబ్బతిన్నవారికి 40 ఏళ్ల వయసు వరకు, కొందరికి జీవితాంతం అవసరం కావచ్చు. ఆపరేషన్ అయిన తరువాత కూడా డాక్టరు చెప్పేవరకు మానరాదు.

ఈ సూది వల్ల మేలెంత? ఆఫ్రికాలోని ఉగాండాలో బయటికి ఏ లక్షణమూ లేకుండా, ఎకో పరీక్షలో మాత్రమే జబ్బు బయటపడిన 818 మంది పిల్లలపై జరిగిన అధ్యయన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. రెండేళ్లలో సూది వేయని పిల్లల్లో నూటికి 8 మందికి జబ్బు ముదిరింది. సూది వేసిన పిల్లల్లో నూటికి ఒక్కరికన్నా తక్కువమందికే ముదిరింది.

మరి లోపం ఎక్కడ జరుగుతోంది? పెద్దాసుపత్రి డాక్టరు చీటీ రాసిస్తారు. ఊళ్లోని క్లినిక్‌లో రియాక్షన్ వస్తుందేమోనన్న భయంతో సూది వేయబోమంటారు. నిజానికి తీవ్రమైన రియాక్షన్ అరుదు. జబ్బు బాగా ముదిరినవారికి సూది బదులు మాత్రలు మేలని డాక్టరు చెప్పవచ్చు. కాని ఏ సంగతీ అడగకుండానే తల్లి పిల్లను ఇంటికి తీసుకుపోతుంది. బడిలో ఉస్తాదుకు జబ్బు సంగతే తెలియదు. పెళ్లై అమ్మాయి అత్తవారింటికి వెళ్తే చీటీ పుట్టింట్లోనే ఉండిపోతుంది. అందరూ ఉన్నారు, ఎవరి పని వారు చేశారు. కాని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అమానత్ అందలేదు.

కొన్ని ఖాళీలు మన అపోహల వల్ల కూడా ఏర్పడుతున్నాయి. రమజాన్‌లో తేదీ వస్తే సూదిని ఈద్ తరువాతకు వాయిదా వేసేవారున్నారు. కండకు వేసే ఇలాంటి సూది వల్ల రోజా భంగం కాదని చాలామంది ఉలమాల అభిప్రాయం. సందేహమున్నవారు ఇఫ్తార్ తరువాత వేయించుకోవచ్చు. రోగికి రోజాలను తరువాత పూర్తిచేసుకునే వెసులుబాటును ఖుర్ఆనే ఇచ్చింది. రోజూ మందులు వాడేవారు రమజాన్‌కు ముందే డాక్టరును కలవాలి.

సంబంధం తప్పిపోతుందని ఆడపిల్ల జబ్బును దాచడం మరో పెద్ద ప్రమాదం. కవాటం ఇరుకైన స్త్రీకి గర్భం గుండెపై మోయలేని భారం వేస్తుంది. లోహపు వాల్వు అమర్చినవారు రక్తం గడ్డకట్టకుండా వాడే మందు గర్భస్థ శిశువుకు హాని చేయవచ్చు. అలాగని తమంతట తాము మానేస్తే వాల్వులో గడ్డ ఏర్పడి ప్రాణం పోవచ్చు. కావున గర్భానికి ముందే గుండె డాక్టరు, కాన్పు డాక్టరు ఇద్దరి సలహా తీసుకోవాలి. హకీం సాబ్ ఇచ్చే మందులు కూడా దాచకుండా చెప్పాలి. పన్ను పీకించుకునేటప్పుడు సైతం గుండెజబ్బు సంగతి ముందే తెలపాలి.

ఇందుకు మనం చేయగలిగినది కష్టమైనదేమీ కాదు. రోగికి ఒక నోటుబుక్కు ఉండాలి. జబ్బు పేరు, మందులు, ఎకో తేదీ, వేసిన సూది తేదీ, వేయవలసిన తేదీ అందులో రాయాలి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా అది వెంట ఉండాలి. ఇంట్లో ఒకరు, బడిలో లేదా మదరసాలో ఒకరు ఆ తేదీని గుర్తుంచుకునే బాధ్యత తీసుకోవాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిశీలించే జబ్బుల్లో ఇదీ ఒకటి. పిల్లలను చూడవలసిందిగా మదరసాల పెద్దలు స్థానిక ఆరోగ్య కేంద్రాన్ని కోరాలి. పేద రోగి ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ వంటి పథకాలున్నా, రాకపోకల ఖర్చుకు, ఆ రోజు పోయే కూలికి వెతుక్కోవలసి వస్తుంది. అర్హులైనవారికి మన జకాత్ సొమ్ము ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది.

2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు నివారణకు తీర్మానం చేసింది. తీర్మానం జెనీవాలో జరిగినా, ఆచరణ మన మొహల్లాలోనే జరగాలి. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) మనకు బోధించారు. రోగిని పరామర్శించడాన్ని సాటి ముస్లిం హక్కుగా తెలిపారు. ఇకపై పరామర్శకు వెళ్లినప్పుడు పండ్లు ఇచ్చి రావడంతో ఆగకుండా, తరువాతి సూది తేదీ ఎప్పుడని కూడా అడుగుదాం.

సఫ్‌లో ఖాళీని నింపే సద్బుద్ధిని, రోగులందరికీ సంపూర్ణ స్వస్థతను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.