పది నిమిషాల ఆయాసం సరిపోతుందా?

పొద్దున్నే లేచి పిల్లల క్యారేజీలు కట్టి, ఎనిమిదిన్నరకల్లా బస్సో క్యాబో పట్టుకుని, రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే మనిషిని “రోజూ గంట నడవండి” అంటే “అలాగే” అంటారు. నడవరు. దాన్ని బద్ధకం అనుకోవడానికి లేదు. ఆ రోజులో అసలు గంట లేదు. తీరిక దొరికాక మొదలుపెడదామనుకుంటూనే ఏళ్లు గడిచిపోతాయి. దీని వెనక ఒక నమ్మకం ఉంది: ముప్పావుగంట చెమటోడిస్తేనే వ్యాయామం, అంతకు తక్కువైతే దండగ అని. గుండెకూ కండరాలకూ ఆ పట్టింపు లేదు. అలవాటైన పని కంటే ఎక్కువ పని మీద పడితే చాలు, అవి మారడం మొదలుపెడతాయి. ఇంట్లోనే, కొద్దిసేపట్లో ఆ పని పెట్టడం గురించి తరచూ వచ్చే సందేహాలు ఇవి.

పది నిమిషాలు అసలు లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన సూచనల్లో ఒక షరతు ఉండేది. ఆపకుండా కనీసం 10 నిమిషాలు చేస్తేనే దాన్ని వారం లెక్కలో కలపాలన్నారు. 2020లో కొత్త సూచనలు ఇచ్చినప్పుడు ఆ షరతు ఎత్తేశారు. ఎంత కొంచెం చేసినా ఏమీ చేయకపోవడం కంటే మేలేనన్నారు. ఇప్పుడు పెద్దవాళ్లకు చెబుతున్నది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. రెండూ కలిపి చేసుకోవచ్చు. అప్పుడు గట్టి శ్రమ ఒక నిమిషాన్ని ఓ మోస్తరు శ్రమ రెండు నిమిషాల కింద లెక్కవేస్తారు.

75ను ఏడు రోజులకు పంచితే రోజుకు 11 నిమిషాలు కూడా రావు. అయితే పది నిమిషాల వ్యాయామంలో పదికి పది నిమిషాలూ గట్టి శ్రమ ఉండదు. ఒళ్లు వేడెక్కించడానికి, చివర్లో చల్లబరచడానికి కొంత పోతుంది. కాబట్టి దీన్ని పునాదిగా పెట్టుకుని, మిగతా లోటును మెట్లతో, నడకతో పూడ్చుకోవాలి.

అంత తక్కువసేపట్లో ఒంట్లో ఏం మారుతుంది?

ఉన్నట్టుండి గట్టిగా కదిలినప్పుడు కండరాలకు కావలసిన ప్రాణవాయువు వెంటనే అందదు. ఊపిరితిత్తులు, గుండె ఆ వేగాన్ని అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా కండరం తనలో దాచుకున్న ఇంధనంతో నెట్టుకొస్తుంది. ఆగిపోయాక కూడా మనం కాసేపు రొప్పేది ఆ బాకీ తీర్చడానికే. అందుకే వ్యాయామానికీ వ్యాయామానికీ మధ్య ఇచ్చే విరామం ఉత్త విశ్రాంతి కాదు. కాళ్లు నెమ్మదించినా గుండె వేగంగానే కొట్టుకుంటూ ఉంటుంది. నలభై సెకన్ల శ్రమకు గుండె అంతకంటే ఎక్కువసేపు పనిచేస్తుందన్నమాట.

ఇలా వారంలో నాలుగైదు సార్లు జరిగితే శరీరం సర్దుకోవడం మొదలుపెడుతుంది. మొదటి వారం పది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం కాస్త పెరుగుతుంది. దాంతో గుండె నిండుగా నిండి, ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది. కొన్ని వారాలకు కండర కణాల్లో మైటోకాండ్రియాలు పెరుగుతాయి. ప్రాణవాయువును వాడి శక్తి పుట్టించే పొయ్యిలు అవే. పొయ్యిలు ఎక్కువైతే అదే పనికి ఆయాసం తగ్గుతుంది. ఇంకో లాభం షుగరుకు సంబంధించింది. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి కొంత చక్కెరను లాక్కోగలదు. మధుమేహం ముప్పు ఎక్కువగా ఉన్న మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

దీనికి ఆధారాలేమైనా ఉన్నాయా, లేక ఫోన్లో తిరిగే మాటలేనా?

రెండూ ఉన్నాయి. వేరుచేసి చూడాలి. శ్రమకూ గుండెకూ ఉన్న లంకెను గట్టిగా చూపించిన తొలి అధ్యయనాల్లో ఒకటి 1953లో వచ్చింది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, టికెట్లు కొడుతూ పైకీ కిందికీ మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ బృందం గమనించింది. ఆ కండక్టర్లు ఏ మెట్లనూ గంటసేపు ఆగకుండా ఎక్కలేదు. కొంచెం కొంచెంగా, రోజంతా ఎక్కారు.

1996లో జపాన్ పరిశోధకుడు ఇజుమి తబాతా ఇంకో దారి చూపించారు. 20 సెకన్లు శక్తినంతా పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. మొత్తం నాలుగు నిమిషాలు. ఇప్పుడు ‘తబాతా’ పేరుతో పాటలకు చేయించే చాలా వీడియోలకు దీనితో పోలిక తక్కువ. ఆయన చేయించింది కుర్రాళ్ల చేత, వ్యాయామ సైకిలు మీద, చివరి విడతకు ఇక తొక్కలేనంత గట్టిగా.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం మనకు ఇంకా దగ్గర. వ్యాయామం అలవాటు లేని కొద్దిమంది మగవాళ్లను తీసుకున్నారు. ఒక జట్టు వారానికి మూడుసార్లు 45 నిమిషాల పాటు మామూలు వేగంతో సైకిలు తొక్కింది. రెండో జట్టు పది నిమిషాలే తొక్కింది. అందులోనూ గట్టిగా తొక్కింది 20 సెకన్ల చొప్పున మూడుసార్లు, అంటే ఒక్క నిమిషం. మిగతాదంతా నెమ్మదే. 12 వారాల తరువాత చూస్తే శరీరం ప్రాణవాయువును వాడుకునే శక్తి రెండు జట్లలోనూ దాదాపు ఒకేలా, 19 శాతం దాకా పెరిగింది. మనుషులు కొద్దిమందే కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. సమయం తగ్గినప్పుడు ఆ లోటును తీవ్రత పూడ్చగలదని మాత్రం ఇది తెలియజేస్తుంది.

ఎంత గట్టిగా చేస్తున్నామో ఎలా తెలుస్తుంది?

వాచీ అక్కర్లేదు. మాట్లాడి చూడండి. మాట్లాడగలరు గానీ పాట పాడలేరంటే అది ఓ మోస్తరు శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే గట్టి శ్రమ. ఫోన్లో ఎవరితోనో తీరిగ్గా కబుర్లు చెప్పగలుగుతున్నారంటే అది వ్యాయామంగా ఇంకా మొదలు కాలేదు.

అంకెలు కావాలంటే 220లోంచి మీ వయసు తీసేయండి. గుండె గరిష్ఠ వేగం సుమారుగా అంత. నలభై ఏళ్లవారికి 180. అందులో 64 నుంచి 76 శాతం, అంటే నిమిషానికి 115 నుంచి 137 దాకా ఓ మోస్తరు. ఆ పైన గట్టి శ్రమ. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లలో 35 దాకా లెక్కకు వస్తే ఆ గీత దాటినట్టే. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి ఈ లెక్క పనికిరాదు. ఆ మందు నాడిని పెరగనివ్వదు. వాళ్లు మాటల పరీక్షనే నమ్ముకోవాలి.

సరే, ఎలా చేయాలి?

రెండు చాపలంత జాగా చాలు. ఫ్యాను వేసుకోండి. నేల తడిగా లేకుండా చూసుకోండి. నున్నటి టైల్స్ మీద సాక్సులతో చేయొద్దు. చీర, నైటీ, లుంగీ కాళ్లకు అడ్డం పడతాయి, మార్చుకోండి. ఈ వరసలో గెంతులు లేవు. మోకాళ్లకూ మంచిది, కింది ఫ్లాటువాళ్లకూ మంచిది.

మొదటి రెండు నిమిషాలు ఉన్నచోటే నడవండి. చేతులు బాగా ఊపుతూ, భుజాలు తిప్పుతూ, మెల్లగా వేగం పెంచండి. తరువాత మూడు కదలికలు. ఒక్కొక్కటి 40 సెకన్లు చేసి, 20 సెకన్లు నెమ్మదిగా నడవాలి. మూడూ అయ్యాక మళ్లీ మొదటినుంచి ఇంకోసారి. ఇవి ఆరు నిమిషాలు. ఆఖరి రెండు నిమిషాలు వేగం తగ్గిస్తూ నడక.

మొదటిది గుంజీళ్లు. బడిలో చెవులు పట్టుకుని తీసినవి కావు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, వెనక స్టూలు ఉందనుకుని నడుమును వెనక్కి జరుపుతూ కూర్చోవాలి. మడమలు నేలను వదలకూడదు. మోకాళ్లు లోపలికి వాలకుండా పాదాల వేళ్ల వైపే వంగాలి. కిందికి దిగేటప్పుడు ఊపిరి లోపలికి, లేచేటప్పుడు బయటికి. మోకాళ్ల నొప్పులుంటే నిజంగానే కుర్చీ వేసుకోండి. కూర్చుని, చేతుల ఊత లేకుండా లేవండి. అరవై దాటినవారికి ఇదే సరిపోయేంత కష్టం.

రెండోది కవాతు. వెన్ను నిటారుగా ఉంచి, ఒక్కో మోకాలిని నడుం ఎత్తు దాకా లేపుతూ వేగంగా అడుగులు వేయడం. ఎదురు చెయ్యి కూడా అంతే వేగంగా ఊగాలి. చేతులు ఊపకపోతే ఆయాసం తక్కువే వస్తుంది.

మూడోది గట్టు కదలిక. వంటగది గట్టు మీదో, కదలని మంచం అంచు మీదో రెండు అరచేతులూ ఆనించి, ఒళ్లు ఏటవాలుగా ఉండేలా కాళ్లు వెనక్కి జరపండి. ఇప్పుడు ఒక్కో మోకాలినీ ఛాతీ వైపు లాగుతూ మార్చి మార్చి వేయండి. నడుం కిందికి జారకూడదు. అలవాటయ్యాక చేతులు నేల మీదికి దించితే కష్టం పెరుగుతుంది.

కొత్తవాళ్లు మొదటి వారం 20 సెకన్ల శ్రమ, 40 సెకన్ల నడకతో మొదలుపెట్టడం మంచిది. సూర్య నమస్కారాలు వచ్చినవారు ఆ ఆరు నిమిషాలూ వాటినే ఆగకుండా, కాస్త వేగంగా చేసినా ఫలితం ఉంటుంది. తాడుతో స్కిప్పింగ్ చేయగలవారికి అంతకంటే చవకైన సాధనం లేదు.

ఆ పది నిమిషాలు కూడా ఒకేసారి దొరక్కపోతే?

ముక్కలు చేయండి. మెక్‌మాస్టర్ పరిశోధకులే 2019లో ఇంకో చిన్న ప్రయోగం ప్రచురించారు. యువతీ యువకులు మూడు అంతస్తులు, అంటే 60 మెట్లు, వేగంగా ఎక్కారు. రోజుకు మూడుసార్లు, మధ్యలో గంటల వ్యవధి, వారానికి మూడు రోజులు. ఆరు వారాలకు వాళ్ల సత్తువ కొద్దిగానే అయినా స్పష్టంగా పెరిగింది. అపార్ట్‌మెంట్లో ఉండేవారికి ఈ సాధనం ఇంటి గుమ్మంలోనే ఉంది. ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు మోకాళ్లు మొరాయిస్తే లిఫ్టు.

2022లో వచ్చిన పెద్ద పరిశీలనలో బ్రిటన్‌లోని, వ్యాయామం అలవాటు లేని 25 వేల మంది చేతులకు కదలికలు నమోదు చేసే పరికరాలు కట్టి చూశారు. బస్సు కోసం పరుగు, బరువుతో మెట్లెక్కడం లాంటివి రోజులో మూడుసార్లు, ఒకటి రెండు నిమిషాల చొప్పున చేసేవారిలో, అసలు చేయనివారితో పోలిస్తే మరణాలు గణనీయంగా తక్కువ. ఇది పరిశీలన మాత్రమే. మొదట్నుంచీ ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువ కదులుతారన్న సంగతి మరిచిపోకూడదు. అయినా లాభం ఎటువైపు ఉందో అర్థమవుతుంది.

ఏ వేళ మంచిది?

మానకుండా చేయగలిగిన వేళే మంచిది. వేసవిలో మాత్రం రెంటచింతలైనా రామగుండమైనా తెల్లవారుజామే దిక్కు. కడుపునిండా తిన్నాక గంటన్నర, రెండు గంటలు ఆగాలి. తిన్న వెంటనే చేయదగింది నెమ్మదైన నడక ఒక్కటే. పది నిమిషాలు నడిచినా భోజనం తరువాత పెరిగే చక్కెర కొంత అదుపులో ఉంటుంది. కొత్త పనిని పాత పనికి కట్టేస్తే మరుపు రాదు. గీజర్ వేసి నీళ్లు కాగేలోపు, పప్పు కుక్కర్లో పెట్టి విజిల్స్ వచ్చేలోపు అని పెట్టుకోండి.

బరువు తగ్గుతామా?

దీని మీదే ఆశ పెట్టుకుంటే నిరాశ తప్పదు. 60 కిలోల మనిషి ఈ పది నిమిషాల్లో ఖర్చుపెట్టేది 60 నుంచి 80 కేలరీలు. ఒకటి రెండు ఇడ్లీల లెక్క. వ్యాయామం ఆపాక కూడా రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుందని ఊదరగొడతారు. ఆ మిగులు ఖర్చు నిజమే గానీ చాలా స్వల్పం. బరువు సంగతి కంచం దగ్గర తేలుతుంది. ఈ పది నిమిషాలు ఇచ్చేది గుండెకు సత్తువ, షుగరుకూ బీపీకీ కళ్లెం, మంచి నిద్ర. తూకం యంత్రం చూపించదని అవి తక్కువవి కావు.

ఎవరు జాగ్రత్తపడాలి?

గుండెజబ్బు ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసేవారు, గర్భిణులు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. ఇన్సులిన్ గానీ షుగరును బాగా దించే మాత్రలు గానీ వాడేవారు పరగడుపున గట్టి శ్రమ చేయకూడదు. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలనుంచి లేచినవారు నడకతోనే మొదలుపెట్టాలి. చేస్తుండగా ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం, చల్లటి చెమట కనిపిస్తే వెంటనే ఆపేయాలి. ‘గ్యాస్’ అనుకుని సోడా తాగి పడుకోకుండా 108కి ఫోన్ చేయాలి.

ఫలితం ఎప్పుడు తెలుస్తుంది? మధ్యలో మానేస్తే?

మొదలుపెట్టే రోజున రెండు అంకెలు రాసిపెట్టుకోండి. పొద్దున నిద్ర లేవగానే నాడి ఎంత ఉంది, మూడంతస్తులు ఎక్కాక మామూలుగా మాట్లాడటానికి ఎన్ని సెకన్లు పట్టింది. ఆరు వారాల తరువాత మళ్లీ చూడండి. చాలామందిలో మొదట తగ్గేది రెండోది. మానేస్తే ముందుగా పోయేది ముందుగా వచ్చినదే. పెరిగిన రక్తద్రవం రెండు వారాల్లోనే వెనక్కి తగ్గుతుంది. పండక్కో పెళ్లికో ఊరెళ్లి నాలుగు రోజులు తప్పితే నష్టం లేదు. నెల తప్పితే మాత్రం ఆపినచోటునుంచి అందుకోవద్దు, 20 సెకన్లనుంచే మొదలుపెట్టండి. తప్పిన రోజులన్నిటికీ కలిపి ఆదివారం ఒక్కరోజే గంటన్నర కక్షగా చేస్తే దక్కేది సోమవారం కాళ్ల నొప్పులు, మంగళవారం మళ్లీ మానేయడానికి ఒక సాకు.