టెరికాట్ గుడ్డకు మురికి పత్తి పనికిరాదు

వరంగల్లు: ఆజంజాహీ మిల్లు 1934లో వెలసిన ఈ ఊరికి పత్తి కొత్త కాదు. ఇప్పుడు ఇక్కడ పాలిస్టరు నార కూడా తయారవుతున్నది. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో, వాడిపారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి ఈ నార తీసే గణేశా వారి కర్మాగారం 2022లో ప్రారంభమయింది. పాలిస్టరు, పత్తి కలిపి నేసినదే టెరికాట్ గుడ్డ. 67 పాళ్లు పాలిస్టరు, 33 పాళ్లు పత్తి అన్నది మిల్లులకు చిరపరిచితమైన లెక్క.

పాళ్లలో పత్తి తక్కువే అయినా దాని నాణ్యత విషయంలో మిల్లులకు పట్టింపు ఎక్కువ. ఇందుకు కారణం అద్దకంలో ఉన్నది.

మగ్గం దిగిన గుడ్డకు ముందు గంజి తీస్తారు. తర్వాత కాస్టిక్ సోడాతో ఉడికించి, హైడ్రోజన్ పెరాక్సైడుతో చలువ చేస్తారు. ఒట్టి నూలు గుడ్డ అయితే సోడా ఘాటు పెంచి, ఎక్కువసేపు ఉడికించి గింజ నలుసులను పోగొట్టవచ్చు. టెరికాట్‌కు ఆ వీలు లేదు. ఘాటైన వేడి సోడా పాలిస్టరును తినివేస్తుంది. గుడ్డ తూకం తరుగుతుంది, బలం తగ్గుతుంది. కనుక సోడా మితంగానే వాడాలి. నలుసులున్న పత్తి అక్కడే చిక్కు తెస్తుంది.

రంగు కూడా రెండు విడతలు. పాలిస్టరుకు డిస్పర్స్ రంగులను ఒత్తిడిలో సుమారు 130 డిగ్రీల సెంటిగ్రేడు వేడి వద్ద ఎక్కిస్తారు. పత్తికి రియాక్టివ్ రంగులను ఉప్పు, సోడా యాష్ కలిపి పట్టిస్తారు. పక్వానికి రాని కాయల దూదికి రంగు సరిగా అంటదు. గుడ్డపై తెల్లని చుక్కలు తేలుతాయి.

అన్నిటికన్నా చేటు ప్లాస్టిక్ సంచుల పోగులు. సంచులకు వాడే పాలీప్రొపిలీన్ ఈ రెండు రకాల రంగులనూ పట్టదు. పైగా గుడ్డ ముడుచుకోకుండా 180 డిగ్రీలకు పైబడిన వేడిలో బిగించేటప్పుడు, ఆ పోగు సుమారు 165 డిగ్రీల వద్దనే కరిగి మరక చేస్తుంది. దాన్ని వదిలించే రసాయనం మిల్లు చేతిలో లేదు.

కాబట్టి పక్వమైన పత్తిని విడిగా ఏరి, ఆరబెట్టి, గుడ్డ సంచులలో ఎనుమాముల యార్డుకు తేవటం మేలు. యార్డులో కంటబడని లోపం రంగు తొట్టిలో బయటపడక మానదు. ఒకసారి దెబ్బతిన్న మిల్లు మరుసటి కొనుగోలులో ఆ సరుకుకు ధర తగ్గించే అడుగుతుంది.