లేని తీగకు నాడి చూడటం

ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటలు సాగు చేసే పాఠకుడొకరు రాశారు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో, ఏరియేటర్లు ఎప్పుడు తిరిగాయో నమోదు చేసే సాఫ్ట్‌వేరును ఆయన షెడ్డులోని కంప్యూటర్లో, ఒక వర్చువల్ మెషీన్ లోపల నడుపుతున్నారు. గాలివానకు స్తంభాల మీది ఫైబరు తెగింది. గోడ మీది పెట్టెలో ఎర్రలైటు వెలిగింది. వర్చువల్ మెషీన్ మాత్రం తెల్లారేదాకా ‘కనెక్టెడ్’ అనే చూపించింది. ‘ఇందులో అబద్ధమాడింది ఎవరండీ?’ అని ఆయన ప్రశ్న. ఈ నెలకు అనుకున్న వ్యాసాన్ని పక్కనపెట్టి దీన్నే పట్టుకున్నాను.

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో కట్టిన మరో కంప్యూటరు. దాని నెట్‌వర్క్ కార్డూ సాఫ్ట్‌వేరే. ఆ కార్డుతో మాట్లాడే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. ప్రాథమిక విషయాలు ఈమాత్రం చాలు.

ముందు అసలు కార్డు సంగతి. తీగకు అవతల ఎవరైనా ఉన్నారో లేదో దానికెలా తెలుస్తుంది? మందపాటి కోయాక్స్ కేబుల్ కాలంలో తెలిసేదే కాదు. 1990లో జంట తీగల ఈథర్‌నెట్ ప్రమాణం వచ్చినప్పుడు చక్కటి ఏర్పాటు చేశారు. పంపడానికి డేటా ఏమీ లేనప్పుడు కూడా కార్డు సుమారు 16 మిల్లీసెకన్లకోసారి ఒక చిన్న విద్యుత్ స్పందన పంపుతుంది. అవతలినుంచి అలాంటి స్పందనలు వస్తున్నంతకాలం లింకు ఉన్నట్టు, ఆగిపోతే పోయినట్టు. తర్వాత వచ్చిన వేగవంతమైన రకాల్లో ఖాళీ సమయాల్లోనూ సంకేతం ఆగకుండా ప్రవహిస్తూనే ఉంటుంది. కార్డు పక్కన వెలిగే పచ్చలైటుకు ఆధారం ఇదే.

ఇంత స్పష్టంగా ఉన్నచోట కూడా డ్రైవర్లు రాసేవాళ్లు తప్పటడుగులు వేశారు. చిప్పులో లింకు స్థితిని చూపే బిట్టుకు ఒక విచిత్ర స్వభావం ఉంది. లింకు ఒక్కసారి పడిపోతే అది సున్నా అయి, ఎవరైనా చదివేదాకా సున్నాగానే ఉంటుంది. ఈలోగా లింకు తిరిగొచ్చినా సరే. లింకు క్షణంపాటు తెగినా అది ఎవరి కంటా పడకుండా పోకూడదని అలా పెట్టారు. ఇది తెలియక ఒక్కసారే చదివిన డ్రైవరు బతికున్న తీగను చచ్చిందంటుంది. ప్రతిసారీ రెండుసార్లు చదివే డ్రైవరుకు ఆ క్షణకాలపు అంతరాయం ఎప్పటికీ తెలియదు.

ఇక వర్చువల్ కార్డు. తీగే లేదు, స్పందన ఎక్కడిది? బయటి కంప్యూటరు చెప్పిందే దానికి వేదం. లినక్స్‌లో ఎక్కువమంది వాడే ‘వర్చియో నెట్’ డ్రైవరు ఆస్ట్రేలియాకు చెందిన రస్టీ రసెల్ చేతిమీదుగా పుట్టి, 2008 జనవరిలో లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ 2.6.24 విడుదలతో జనానికి అందింది. తొలి రూపంలో లింకు స్థితి చెప్పే మార్గమే లేదు. తర్వాత 16 బిట్ల స్థితి గడి ఒకటి చేర్చారు. అందులో అన్నిటికన్నా కింది బిట్టు ఒకటైతే లింకు ఉంది, సున్నా అయితే లేదు. ఆ గడి ఇవ్వలేని పాత పరికరమైతే లింకు ఎప్పుడూ ఉన్నట్టే భావించమని నియమం.

అసలు కథ కెర్నెల్ లోపల ఉంది. నాకు నిద్రపట్టనివ్వని భాగమూ ఇదే. లింకు సంకేతాన్ని లినక్స్ ‘క్యారియర్’ అంటుంది. అది ప్రతి కార్డుకూ ‘క్యారియర్ ఉంది’ అనే గుర్తు పెట్టుకోదు, ‘క్యారియర్ లేదు’ అనే గుర్తు పెట్టుకుంటుంది. కార్డు పుట్టినప్పుడు ఆ గుర్తు ఖాళీ. అంటే డ్రైవరు నోరు విప్పకపోతే, మౌనం అర్ధాంగీకారం కాదు, పూర్తి అంగీకారమే. లింకు ఉన్నట్టే లెక్క. రెండు కార్డులను జతచేసి, ఒకటి పోతే రెండోదానికి మారే ‘బాండింగ్’ సదుపాయం ఇక్కడే మోసపోతుంది. చచ్చిన కార్డు బతికున్నానంటుంటే మారడం ఎందుకు? ఆ సదుపాయపు పత్రాల్లోనే ఈ హెచ్చరిక రాసిపెట్టారు.

మన కృష్ణపట్నం పోర్టులో తుపాను వేళ ఎగరేసే ప్రమాద సంకేతాల పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. ఒకటో నంబరు, మూడో నంబరు అని పేపర్లలో చదువుతుంటాం. వాటిలో చివరిదైన పదకొండో నంబరు తుపాను తీవ్రతను చెప్పదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడేలా ఉందని స్థానిక అధికారి భావిస్తున్నారు అని దాని అర్థం. కబురు రాకపోవడమే అక్కడ ప్రమాదం. నౌకల బాగోగులు చూసేవాళ్లకు తట్టిన ఈ ఆలోచన కెర్నెల్‌వాళ్లకు ఎందుకు తట్టలేదో మరి! పాత డ్రైవర్లు ఆగిపోకూడదని అలా చేశారంటే ఒప్పుకుంటాను, మెచ్చుకోను.

ఇంకో మెలిక కూడా ఉంది. ‘క్యారియర్ వచ్చింది’ అని డ్రైవరు పిలిచినప్పుడు, అంతకుముందు ‘లేదు’ గుర్తు పడి ఉంటేనే కెర్నెల్ ఆ వార్తను మిగతావాళ్లకు చాటుతుంది. మొదట్లో ఆ గుర్తు ఖాళీ కదా! అందుకని పుడుతూనే నిజాయితీగా ‘వచ్చింది’ అన్న డ్రైవరు మాట ఎవరికీ వినపడదు. కార్డు స్థితి ‘అన్‌నోన్’ దగ్గరే ఉండిపోతుంది. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2863 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసులకు ఏడు స్థితులు నిర్ణయించింది, ఇది వాటిలో ఒకటి. డేటా చక్కగా పారుతూనే ఉంటుంది, ‘అప్’ అనే మాటకోసం ఎదురుచూసే ప్రోగ్రాములు మాత్రం గుమ్మంలోనే కూర్చుంటాయి.

దీనికి మందు ఒక్క వరుస. డ్రైవరు ముందుగా ‘క్యారియర్ లేదు’ అని ప్రకటించాలి, ఆ తర్వాత స్థితి గడి చదివి, ఉంటే ‘వచ్చింది’ అనాలి. వర్చియో నెట్ నేడు చేస్తున్నది ఇదే. తర్వాత ఏదైనా మారితే పరికరం ‘ఇంటరప్టు’ అనే పిలుపుగంట కొడుతుంది. డ్రైవరు ఆ హడావిడిలోనే పని ముగించదు, తీరిక వరుసలోకి నెడుతుంది. అక్కడ గడి చదివి, పాత విలువతో పోల్చి, తేడా ఉంటేనే కెర్నెల్‌కు చెబుతుంది. ఈ పోలిక ఎందుకంటే, లింకుతో సంబంధం లేని కబుర్లకూ అదే ఇంటరప్టు వస్తుంది. నడుస్తున్న మెషీన్‌ను ఒక సర్వరునుంచి ఇంకోదానికి తరలించాక, ‘కొత్తచోట ఉన్నానని చాటుకో’ అని చెప్పే బిట్టు కూడా ఆ గడిలోనే ఉంటుంది మరి.

ముత్తుకూరు రైతుగారూ, ఇంతా చదివాక మీకు కోపం రావచ్చు. డ్రైవరు ఎంత సరిగ్గా ఉన్నా మీ తెర మీద ‘కనెక్టెడ్’ అనే ఉండేది. వర్చువల్ కార్డు తగులుకుని ఉన్నది అదే కంప్యూటర్లోని సాఫ్ట్‌వేరు స్విచ్చుకు. ఆ స్విచ్చుకేం, నిక్షేపంగా ఉంది. తెగింది దానికి రెండు మజిలీల అవతల. లింకు స్థితి ఎప్పుడూ పక్క మజిలీ గురించే. కంప్యూటరు నుంచి రూటరుకు వెళ్లే తీగే ఊడితే, ఆ కబురు లోపలికి చేరవేయడం బయటి కంప్యూటరు పని. వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎంలో అందుకు కమాండు ఉంది, కానీ దానంతట అదే జరగదు.

ఏపీ ఫైబర్‌నెట్ కేబుళ్లు చాలామటుకు కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తాయి. తుపానుగాలి తగిలే తీరంలో అవి ఇంకోసారి తెగవని అనుకోలేం. అలారం కావాలంటే లింకు గుర్తును నమ్మకండి. బయటి సర్వరును నిమిషానికోసారి పలకరించి, వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతే మోగేలా చిన్న స్క్రిప్టు రాయించుకోండి. కుర్రాళ్లెవరైనా పది వరుసల్లో రాసిస్తారు. ఆ అలారం ఎస్సెమ్మెస్సును మాత్రం సిమ్ కార్డు మోడెం ద్వారా పంపించండి. తెగిన ఫైబరు మీదే తెగిందన్న కబురు పంపే ఏర్పాట్లు అమ్మేవాళ్లూ ఉన్నారు.